కరువంటే నీళ్ల కరువేనా?

2015 ఎండాకాలంలో మా పెద్దబాపు బోరు వేయిస్తానంటే హైదరాబాద్ నుంచి డబ్బులు పంపాను. మా ఊరు పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి లెక్కల్లో అయితే జగిత్యాల జిల్లాలో ఉంటుంది. మూడెకరాల ఎర్ర చెల్క. బోరు నాలుగు వందల అడుగులు దిగింది, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అదే ఎండాకాలంలో మా పక్క చేనాయన చెరువు మట్టి తోలుకున్నాడు. మిషన్ కాకతీయ మొదలైన సంవత్సరం అది. తవ్వే ఖర్చు సర్కారుది, ట్రాక్టర్ కిరాయి రైతుది. మావాళ్లు బోరుకు పెట్టాక ట్రాక్టర్లకు డబ్బులెక్కడివి? ఊరుకున్నారు.

ఆ వానాకాలం ఎట్లా గడిచిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయి, జూలై మొత్తం మొగులు మొకం చాటేసింది. రెండు చేలల్లోనూ మక్కే. గట్టుకు అటూ ఇటూ ఒకే వాన. మా మక్క ఆకు పొద్దున పదింటికే చుట్టుకుపోయేది. వాళ్లది మధ్యాహ్నం దాకా నిలబడి, సాయంత్రానికి మళ్లీ తేరుకునేది. ఆగస్టులో వాన పడేటప్పటికి వాళ్ల చేనుకు ప్రాణం ఉంది, మా చేనుకు లేదు. పెద్దబాపు ఫోన్లో ఒకటే మాటన్నాడు: "నీళ్లకు పైసలు పంపిస్తివి గని బిడ్డా, మన్నుకు పంపకపోతివి."

నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాదు, కోడు రాసుకునేవాడిని. ఒక్క చేను చూసి సిద్ధాంతం చేసేయకూడదన్న ఇంగితం ఉంది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అప్పట్నుంచి దొరికినవి చదువుతూ, దొరికినవాళ్లను అడుగుతూ వచ్చాను. నాకు అర్థమైంది ఇది: కరువు అనగానే మనకు నీళ్లే గుర్తొస్తాయి. కానీ వాన ఆగిపోయినప్పుడు పైరు ఎన్ని రోజులు ఓర్చుకుంటుందన్నది దాని తిండి మీద, అంటే మట్టిలోని బలం మీద కూడా ఆధారపడుతుంది. ఈ సంగతి మన తాతలకు తెలుసు. మధ్యలో ఎక్కడో మనం మరిచిపోయాం. ఎక్కడ మరిచిపోయామన్నదే ఈ టపా.

ముందు మన జిల్లాల వాన గురించి ఒక మాట. కరీంనగర్, ఆదిలాబాద్‌లు అనంతపురంలాంటి ఎండు సీమలు కావు. ఆదిలాబాద్‌లో అయితే ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన పడుతుంది. తెలంగాణలో వానలు ఎక్కువ పడే ప్రాంతాల్లో అదొకటి. మరి కరువేంటి? వచ్చే వానంతా దాదాపు నాలుగు నెలల్లోనే వస్తుంది, అదీ కొన్ని రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. మధ్యలో పదిహేను రోజులు, ఇరవై రోజులు వట్టిపోతాయి. సంవత్సరం లెక్క చూస్తే కరువు కనపడదు, చేనులో నిలబడితే కనపడుతుంది. ఇక్కడి రైతు పోరాటం ఎక్కువగా ఆ ఇరవై రోజులతోనే.

ఆ ఇరవై రోజుల కోసం పాతవాళ్లు ఏం చేసేవాళ్లు? మన చెల్కల్లో ఇసుక పాలు ఎక్కువ, బంక పాలు తక్కువ. నీళ్లు నిలవవు, బలమూ నిలవదు. అందుకని ఎండాకాలం చెరువు ఎండగానే ఎడ్లబండ్లు చెరువులోకి దిగేవి. అడుగున పేరుకున్న నల్లటి ఒండ్రును చేలకు తోలేవాళ్లు. వానకు కొట్టుకుపోయిన మెత్తటి మట్టి, ఆకూ అలమూ, పశువుల పేడా అన్నీ చేరేది చెరువులోకే కదా. అంటే పోయినేడు చేను పారేసుకున్నదాన్ని మళ్లీ చేనుకే తెచ్చిపోయడం. దీంతోపాటు ఇంటి వెనక పెంటకుప్ప, పాత ఊళ్ల దిబ్బల నుంచి తెచ్చే పాటిమన్ను, గొల్లకురుమలతో మాట్లాడుకుని రాత్రిళ్లు చేనులో గొర్ల మంద పెట్టించుకోవడం, పునాస పెసర తీసి ఆ కట్టెను అక్కడే దున్నేయడం ఉండేవి. వీటికి శాస్త్రం పేర్లు వాళ్లకు తెలియవు. "భూమికి బలం" అని ఒక్క మాటనేవాళ్లు, అంతే.

ఆదిలాబాద్ కథ వేరు. అక్కడి గోండులకు భూమిని పడావు పెట్టే అలవాటుండేది. తేలిక నేలను కొన్నేళ్లు సాగు చేసి, బలం తగ్గిందనిపించగానే వదిలేసి పక్క నేలకు పోయేవాళ్లు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వచ్చేవాళ్లు. కొండల మీద కొలాములు పోడు కొట్టి, ఆ బూడిదలో గింజలు వేసేవాళ్లు. బూడిదంటే పొటాష్, కొంత భాస్వరం కూడా. నిజాం సర్కారు అడవులకు హద్దురాళ్లు పాతినప్పుడు ఈ పడావు భూములు 'ఖాళీ భూములు'గా కనపడ్డాయి, రిజర్వు అడవిలో కలిసిపోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణాలిచ్చిన పోరాటం వెనక ఉన్నది ఈ భూమి గొడవే. ఆ తర్వాత వచ్చిన హైమన్‌డార్ఫ్ ఈ విషయాలన్నీ రాసిపెట్టాడు. మనం ఆ చరిత్రను భూమి హక్కుల కథగా చదువుతాం. సరైనదే. కానీ అందులో ఇంకో నష్టం కూడా ఉంది. తిరగడానికి జాగా లేకపోయేసరికి ఉన్న తుండునే ఏటేటా దున్నాల్సి వచ్చింది. భూమికి విశ్రాంతి పోయింది. హక్కుతోపాటు బలమూ పోయిందన్నమాట.

ఇక అవతలి ప్రపంచం సంగతి. 1840లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఒక పుస్తకం రాశాడు. మొక్కలు మట్టి నుంచి తీసుకునేవి ఖనిజాలే అన్నాడు. అన్నింటికంటే ఏది తక్కువుందో అదే పంటను ఆపుతుందన్న సూత్రానికి ఆయన పేరే స్థిరపడింది, అంతకు ముందే స్ప్రెంగెల్ చెప్పినా. మా భాషలో చెప్పాలంటే బాటిల్‌నెక్. ర్యామ్ చాలని మెషీన్‌లో ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా ఉపయోగం లేనట్టే. ఆ తర్వాత 1909లో హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారు చేసి చూపించాడు, 1913కల్లా ఫ్యాక్టరీ వచ్చేసింది. దాంతో నత్రజని అనే ఒక్క పోషకం బస్తాల్లోకెక్కి లోకమంతా తిరిగింది. సూత్రమేమో 'ఏది తక్కువుంటే అది వెయ్యి' అంది, బజారుకొచ్చిందేమో చవగ్గా తయారయ్యేది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే మన కథంతా ఉంది.

ఆ బస్తా మన గడప దగ్గరికే వచ్చింది కూడా. రామగుండంలో బొగ్గుతో యూరియా చేసే ఎఫ్‌సీఐ కర్మాగారం 1980 నవంబర్ 1న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒడిశాలోని తాల్చేరుది, దీనిది ఒకే టెక్నాలజీ. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు, పక్కనే కరెంటు. కాగితం మీద ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ అది ఎన్నడూ కుదురుగా నడవలేదు, నష్టాలు పేరుకుపోయి 1999 మార్చి 31న మూతపడింది. మళ్లీ 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగి, ఈసారి గ్యాసుతో నడిచేలా, ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. ఇంత పెద్ద ఫ్యాక్టరీ రాష్ట్రంలో ఉండి కూడా 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. ఒక్క బస్తా మీద మనం ఎంతగా ఆధారపడ్డామో అర్థం కావడానికి ఆ చెప్పుల వరస చాలు.

ఎందుకింత ఆధారపడ్డాం? రైతుకు తెలివి లేక కాదు, ధర వల్ల. 1992 ఆగస్టులో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద అదుపు ఎత్తేసింది. యూరియాను మాత్రం అదుపులోనే ఉంచి, పైగా దాని ధర పది శాతం తగ్గించింది. అంతకు ముందు సంవత్సరం దేశంలో ఒక పాలు పొటాష్‌కు 5.9 పాళ్ల నత్రజని వాడేవాళ్లు. ఒక్క ఏడాదిలో అది 9.5 అయింది. 4:2:1 ఉండాలని పుస్తకాల్లో రాసుకున్న నిష్పత్తి ఇది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ అని కొత్త పద్ధతి తెచ్చారు, అందులోనూ యూరియాను కలపలేదు. 2022లో పొటాష్ బస్తా 1,700 రూపాయల దాకా పోయింది. పూర్తిగా దిగుమతి సరుకు కాబట్టి ఎక్కడ యుద్ధమొచ్చినా దాని ధర ఎగురుతుంది. అదే యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలు. మీరే రైతయితే ఏది కొంటారు? పైగా యూరియా చల్లిన నాలుగు రోజులకే చేను పచ్చబడి కనపడుతుంది. పొటాష్ వేస్తే కంటికేం కనపడదు. బాగుచేసినా ఎవరికీ కనపడని బ్యాకెండ్ పనిలాంటిది అది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ తేడాకూ కరువుకూ సంబంధమేంటి?

మొక్క ఆకుల మీద కంటికి కనపడని రంధ్రాలుంటాయి. గాలి లోపలికి పోయేదీ, నీరు ఆవిరై బయటికి పోయేదీ వాటి గుండానే. వాటిని తెరిచీ మూసే రక్షక కణాలు ఆ పని పొటాషియంతో చేస్తాయి. పొటాషియం లోపలికి వస్తే ఉబ్బి తెరుచుకుంటాయి, బయటికి పోతే ముడుచుకుని మూసుకుంటాయి. పొటాష్ చాలని మొక్క ఎండ ముదిరినప్పుడు తలుపు సరిగ్గా వేసుకోలేదు. ఉన్న కాస్త నీటినీ వదిలేసుకుంటుంది.

భాస్వరం మట్టిలో దాదాపు కదలదు. వేరే దాని దగ్గరికి పోవాలి. మొదట్లోనే భాస్వరం అందిన మొక్క వేర్లు బాగా సాగుతాయి, పై మట్టి ఎండినా కింది తేమను అందుకుంటాయి. నత్రజని తక్కువైతే ఎదుగుదలే ఉండదు, ఉన్న నీటిని కూడా మొక్క సరిగ్గా వాడుకోలేదు. కానీ మిగతావి లేకుండా మొదట్లోనే నత్రజని దండిగా పడితే ఆకు విపరీతంగా పెరుగుతుంది. ఆకు పెరిగితే నీటి ఖర్చూ పెరుగుతుంది. వానలున్నంతకాలం ఏపుగా కనపడిన చేనే వాన ఆగగానే ముందు వాడిపోతుంది. జీతం రాగానే మొదటి వారంలో ఖర్చు పెట్టేసి నెలాఖరున చేతులు చాచినట్టు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇంకోటుంది. పోషకాలు వేరు దాకా చేరేది మట్టిలోని తడి గుండానే. మట్టి ఎండితే ఆ దారి తెగిపోతుంది. అంటే కరువులో మొక్కకు దాహమొక్కటే కాదు, ఆకలి కూడా. భూమిలో బలం ఉన్నా అందదు. అందుకే బెట్ట సమయంలో పత్తి మీద లీటరు నీటికి పది గ్రాముల 13-0-45, లేదా ఇరవై గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్తారు. వేరు దారి మూసుకుపోయింది కాబట్టి ఆకు దారిన తినిపించడమన్నమాట.

చెరువు మట్టి ఇందులో ఎక్కడొస్తుందంటే, రెండు పనులూ అదే చేస్తుంది. అందులోని బంకమన్ను, కుళ్లిన ఆకు నీటిని పట్టి ఉంచుతాయి, పోషకాలనూ పట్టి ఉంచుతాయి. యూరియా బస్తా ఆ రెండో పనిలో కొంత మాత్రమే చేస్తుంది, అదీ కొన్ని వారాలకు. మట్టి ప్రభావం కొన్నేళ్లుంటుంది.

ఈ ఆకలి సంగతి మనకు తేలిగ్గా కనపడదు. 1966లో పంత్‌నగర్‌లో నేనే అనే శాస్త్రవేత్త వరిలో వచ్చే 'ఖైరా' అనే జబ్బు తెగులు కాదనీ, జింకు లోపమనీ తేల్చాడు. అందరూ రోగమనుకున్నది నిజానికి ఆకలి. ఆయనే తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసి, సికింద్రాబాద్‌లో వ్యవసాయ చరిత్ర కోసం ఒక సంస్థ పెట్టి, సురపాలుడి వృక్షాయుర్వేదంలాంటి పాత గ్రంథాలను అచ్చు వేయించాడు. 2000ల మొదట్లో ఇక్రిశాట్‌వాళ్లు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు మెట్ట చేలల మట్టిని పరీక్షిస్తే ఎక్కువ చోట్ల గంధకం, బోరాన్, జింకు తక్కువున్నాయని తేలింది. అవి వేసిన చేలల్లో అదే వానకు ఎక్కువ పంట వచ్చింది. మళ్లీ చదవండి: అదే వానకు. మనం దాహమనుకుంటున్నదాంట్లో ఎంత భాగం ఆకలో అని ఆలోచించాల్సిన విషయం ఇది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. చెరువు మట్టి తోలుకోవడం చేనుకు ఎరువు మాత్రమే కాదు, చెరువుకు మరమ్మతు కూడా. ప్రతి రైతూ తన చేను కోసం తోలుకుంటే చెరువు దానంతటదే లోతుగా ఉండేది. బస్తా వచ్చింది, ఎడ్లు పోయాయి, బోర్లు వచ్చాయి, చెరువు ఆలనాపాలనా ఊరి చేతిలోంచి ఆఫీసుల చేతిలోకి పోయింది. మట్టి అవసరం తీరిపోయాక చెరువు పూడింది. చెరువు పూడితే బావులు ఎండాయి. బావులు ఎండితే ఇంకా లోతు బోర్లు. పెద్ద ఎత్తున చూసినా ఇదే కథ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, అదే మన శ్రీరాంసాగర్, 112 టీఎంసీలకు కట్టారు. 1990ల సర్వే నాటికి అది 90కి పడిపోయింది, ఆ తర్వాత ఇంకా తగ్గింది. ఆ పోయిన జాగాలో ఉన్నదంతా మట్టే. ఎవరి చేలదో.

ఇది చదివి "అయితే పాతకాలమే మేలు, రసాయనాలన్నీ విషం" అని నేనంటున్నానని అనుకోకండి. మా తాత చేనులో ఎకరానికి ఎన్ని సంచులు పండేవో నాకు తెలుసు. ఆ కాలంలో వచ్చిన కరువుల్లో జనం గంజికీ, అంబలికీ మొకం వాచిపోయారు. యూరియా లేకుండా ఇంతమంది కడుపు నిండదు. అలాగే పొటాష్ అన్నిచోట్లా తక్కువని కూడా కాదు, నల్లరేగళ్లలో సాధారణంగా బాగానే ఉంటుంది. ఆదిలాబాద్ పత్తికీ, మా చెల్క మక్కకూ ఒకే మందుచీటీ పనికిరాదు. బలమున్న మట్టి వానను పుట్టించదు కూడా. నలభై రోజులు చుక్క పడకపోతే మా పక్క చేనూ పోయేదే. అది ఇచ్చేది కొన్ని రోజుల గడువు మాత్రమే. కాకపోతే మన దగ్గర చాలా ఏళ్లు పంట పోయేదీ, నిలిచేదీ ఆ కొన్ని రోజుల తేడాతోనే.

తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. నీళ్ల కోసం ప్రాజెక్టులు, బోర్లు, ఉచిత కరెంటు, ఎన్నికల హామీలు ఉన్నాయి. మట్టి కోసం ఏముంది? 2015లో భూసార కార్డులొచ్చాయి. మా పెద్దబాపుకూ ఒకటి వచ్చింది, ఇంట్లో దేవుడి పటం వెనక భద్రంగా ఉంది. మిషన్ కాకతీయ ఒక్కటే నాకు తెలిసి మట్టిని మళ్లీ చేనుకు చేర్చింది, అది కూడా చెరువు నింపే పథకంగానే జనానికి గుర్తుంది.

మా చేను సంగతి చెప్పి ముగిస్తాను. 2016 ఎండాకాలంలో మేమూ మట్టి తోలించాం. తీరా ఆ సెప్టెంబర్‌లో వానలు దంచికొట్టాయి, పరీక్షే జరగలేదు! పెద్దబాపు పెద్దవాడయ్యాక చేను కౌలుకిచ్చాం. కౌలుదారు మంచి రైతు. చేను బలం తగ్గిందని ఆయనే అన్నాడు. మట్టి తోలుకోరాదా అంటే నవ్వాడు. "తోలుత సారూ. తోలినంక వచ్చే ఏడు మీరు ఇంకొగలకు ఇస్తే?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. బస్తా బలం ఒక పంటకు, మట్టి బలం ఐదారేళ్లకు. ఏడాది కౌలు ఉన్నవాడు ఏది కొనాలో లెక్క తేలికే. 2018 మే నెలలో మా హుజూరాబాద్ దిక్కే మొదలైన రైతుబంధు డబ్బులు కూడా పట్టా ఉన్న మాకే పడ్డాయి, చెమట పోసే ఆయనకు కాదు. ఐదేళ్లకు కాగితం రాసిద్దామని ఇంట్లో అడిగాను. 1950 కౌలు చట్టం నాటి భయం ఇంకా పోలేదు మావాళ్లకు, కాగితం రాస్తే భూమి పోతుందని. చివరికి నోటిమాటగా ఐదేళ్లన్నాం, మట్టి ఖర్చులో సగం మేమే పెట్టుకుంటామన్నాం. ఆయన సరేనన్నాడు గానీ పూర్తిగా నమ్మినట్టు అనిపించలేదు. ఆయన జాగాలో నేనున్నా నమ్మను.

వచ్చే ఎండాకాలం ట్రాక్టర్లు దిగితే నమ్మాడని అర్థం. ఈసారి డబ్బులు మన్నుకే పంపుతాను.